ఎడారిలో నీటి లెక్క

"తాతా, ఇది ఎడారి అంటివి కదా, మరి ఈ చెరువేంది?" అన్నాడు మా చిన్న మనవడు. వాడికి ఏడేళ్లు. పుట్టింది కాలిఫోర్నియాలోనే అయినా మా కూతురు ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కాబట్టి వాడి నోట మా అనంతపురం యాస అట్లే నిలిచింది. వాడు ఆ మాట అడిగిన చోటు డెత్ వ్యాలీ నేషనల్ పార్కులోని బ్యాడ్‌వాటర్ బేసిన్. ఉత్తర అమెరికా ఖండంలో ఇంతకంటే పల్లమైన నేల లేదు. సముద్ర మట్టానికి 282 అడుగుల కింద ఉంటుంది. ఏడాదంతా కలిపి కురిసే వాన రమారమి రెండంగుళాలు. 1913 జూలై 10న 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదై, ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఎండ కాసిన చోటుగా పుస్తకాలకెక్కింది ఈ లోయే. అట్లాంటి చోట, 2024 ఫిబ్రవరి నడిమిలో, మా కళ్లెదుట ఆరు మైళ్ల పొడవున, మూడు మైళ్ల వెడల్పున నీళ్లు నిలిచి ఉన్నాయి. అవతల మంచు తలకెత్తుకున్న పానమింట్ కొండలు తలకిందులుగా ఆ నీళ్లలో కనబడుతున్నాయి. ఒకరిద్దరు చిన్న పడవలు వేసుకుని తిరుగుతున్నారు కూడా.

నేను నలభై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ని. ఎడారి అంటే నీళ్లు లేని చోటని పిల్లలకు చెబుతూ వచ్చాను. అది సగం మాటే. అక్కడి కొండల గీతలు, నేల మీది ఉప్పు, చెట్ల వేళ్లు, ఆఖరికి ఊరికే పడి ఉన్న రాళ్లు కూడా నీళ్ల పనితనమే అని నాకు ఆ మూడు రోజుల్లో తెలిసివచ్చింది. వాన తక్కువ కాబట్టే, పడిన ప్రతి చుక్కా ఏం చేసిందో చెరిగిపోకుండా కనబడుతుంది.

మేం పోయింది ఆర్‌వీలో. అంటే చక్రాల మీద ఇల్లు. లారీ మీద చిన్న ఇంటిని ఎత్తి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. పడకలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది అన్నీ అందులోనే. మా అల్లుడు దాన్ని మూడు రోజులకు బాడుగకు తీసుకున్నాడు. శాన్ హోసేలో బయలుదేరే ముందు అతను చేసిన మొదటి పని నీళ్లు నింపడం. "మామా, ఈ ఇంటికి మూడు ట్యాంకులు" అని చూపించాడు. ఒకటి మంచినీళ్లది. ఒకటి స్నానం చేసిన, గిన్నెలు కడిగిన నీళ్లు చేరేది. మూడోది మరుగుదొడ్డిది. ఏది ఎంత నిండిందో చెప్పడానికి గోడ మీద చిన్న చిన్న దీపాలున్నాయి. మంచినీళ్ల ట్యాంకులో పట్టేది 150 లీటర్లు. అమెరికాలో మనిషికి ఇంటి వాడకమే సగటున రోజుకు 300 లీటర్ల పైచిలుకు. అంటే మామూలుగా ఒక్కరికి పూటకు సరిపోయే నీళ్లతో మేం ఆరుగురం రెండు రాత్రులు గడపాలి.

మా పెద్ద మనవరాలికి పన్నెండేళ్లు. అది నోటుపుస్తకంలో గీతలు గీసి, చేతులు కడిగితే ఎంత, పళ్లు తోముకుంటే ఎంత అని రాసుకోవడం మొదలుపెట్టింది. మా ఆమె ఆ పుస్తకం చూడనే లేదు. పెళ్లయిన కొత్తలో వీధి బోరింగు దగ్గర బిందెల వరసలో నిలబడి నీళ్లు మోసిన మనిషి. వెడల్పు గిన్నెలో రెండు చెంబుల నీళ్లు పోసి, ఆరుగురి పళ్లేలూ అందులోనే తొలిచి, చివరికి ఒక్క చెంబుతో జాడించేసింది. రాత్రి లెక్క చూసుకుంటే, అందరికంటే తక్కువ నీళ్లు ఖర్చయింది మీ అవ్వ చేతుల్లోనే అని మనవరాలికి చూపించాను. ఆ పద్ధతి అడిగి నేర్చుకుంది పిల్ల.

దారి బేకర్స్‌ఫీల్డ్ మీదుగా. ఫిబ్రవరిలో ఆ పక్క కొండలు పచ్చగా, మన జొన్నచేల మాదిరి కళకళలాడుతున్నాయి. టెహచపి కనుమ ఎక్కి దిగేసరికి పచ్చదనం మాయమై ఎర్రటి ఇసుక నేల, ముళ్లచేతులు చాపిన జోషువా చెట్లు వచ్చాయి. గంట ప్రయాణంలో అంత తేడా ఎందుకని మనవరాలు అడిగింది. ఇది అనంతపురం వాడికి కొత్తగా చెప్పవలసిన పాఠం కాదు.

పసిఫిక్ సముద్రం మీంచి తడి గాలి తూర్పుకు వస్తుంది. ఎదురుగా సియెర్రా నెవాడా కొండలు. వాటిలో ఒక శిఖరం, మౌంట్ విట్నీ, 14,505 అడుగుల ఎత్తు. గాలి కొండ ఎక్కాలంటే పైకి పోవాలి. పైకి పోయేకొద్దీ దాని మీది ఒత్తిడి తగ్గి అది వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి తడిని మోయలేదు. ఆ తడంతా వానగా, మంచుగా పడమటి వాలు మీదే దించేస్తుంది. అవతలికి దిగే గాలి ఒట్టి చేతులతో దిగుతుంది. పైగా దిగేకొద్దీ ఒత్తిడికి కుంచించుకుని వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు కాలుతుందే, అదే సంగతి. పొడిగాలి ఒక కిలోమీటరు కిందికి దిగితే దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. డెత్ వ్యాలీకి, సముద్రానికి నడుమ సియెర్రా ఒక్కటే కాదు, ఇన్యో కొండలు, పానమింట్ కొండలు కూడా వరసగా అడ్డం నిలబడ్డాయి. ఒక్కో కొండ దగ్గరా కొంత కొంత వదిలించుకుని, లోయలోకి వచ్చేసరికి మబ్బు దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలదు.

మాకు పడమటి కనుమలు చేసిందీ ఇదే. నైరుతి రుతుపవనం మంగళూరు వైపు మూడు వేల మిల్లీమీటర్లకు పైగా కురిసి, కనుమలు దాటి మా వైపు వచ్చేసరికి అలిసిపోతుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. డెత్ వ్యాలీలో అందులో పదో వంతు. మా జిల్లాలో ఒక్క కొండ వరస చాటున ఉన్నాం, వీళ్లు మూడింటి చాటున ఉన్నారు.

టౌన్ పాస్ అనే కనుమ 4,956 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ ఆగినప్పుడు ఖాళీ నీళ్ల సీసా ఒకటి తీసుకుని మూత గట్టిగా బిగించి మనవడి చేతికిచ్చాను. "దీన్ని తెరవకుండా దిగువ దాకా పట్టుకో" అన్నాను. అల్లుడు గేరు తగ్గించి ఇంజను బలంతోనే బండిని నెమ్మదిగా దించాడు. అంత బరువైన బండిని బ్రేకు మీదే దించితే ఆ కదలికంతా వేడిగా మారి బ్రేకులు కాలిపోతాయి. చెవులు మూసుకుపోయాయి. లోయలోని ఫర్నేస్ క్రీక్ చేరేసరికి సీసా రెండు పక్కలా నొక్కుకుపోయి సన్నబడింది. ఎవరు నొక్కారు? గాలి. కనుమ మీద సీసాలో చిక్కుకున్న గాలి పల్చనిది. కింద, సముద్ర మట్టానికి కూడా దిగువన, గాలి బరువు ఎక్కువ. లోపలి గాలి దానికి తట్టుకోలేక దాదాపు ఆరో వంతు కుంచించుకుంది. వాడు ఆ సీసాను పారేయనివ్వలేదు. శాన్ హోసే దాకా తెచ్చుకున్నాడు.

మేం దిగిన క్యాంపు సముద్ర మట్టానికి 190 అడుగుల కింద ఉంది. బండి ఆపగానే అల్లుడు లోపల నేల మీద రసమట్టం పెట్టి చూశాడు. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పెడతారే, అదే. ఒక పక్క వాలింది. చక్రాల కింద పలకలు పెట్టి, బండిని ముందుకు వెనక్కు జరిపి, బుడగ నడిమికి వచ్చేదాకా వదల్లేదు. పడుకోవడానికి ఇంత సరి చూడాలా అని మా ఆమె అడిగితే, "పడకల కోసం కాదత్తా, ఫ్రిజ్జు కోసం" అన్నాడు.

ఆ ఫ్రిజ్జు నాకు ఆ ప్రయాణంలో దొరికిన పెద్ద కానుక. అది గ్యాసు మంటతో నడుస్తుంది. మంట పెడితే చల్లబడే పెట్టె! వెనక్కు పోయి చూస్తే నిజంగానే చిన్న నీలి మంట వెలుగుతోంది. పిల్లలిద్దరినీ పిలిచి కూర్చోబెట్టాను.

దాని గొట్టాల్లో అమ్మోనియా కలిపిన నీళ్లుంటాయి. మంట వాటిని కాస్తే అమ్మోనియా ముందుగా ఆవిరై పైకి పోతుంది. బండి వెనక రేకుల దగ్గర వేడి వదిలి ద్రవంగా మారి, వాలున జారుకుంటూ ఫ్రిజ్జు లోపలి గొట్టంలోకి వస్తుంది. అక్కడ హైడ్రోజన్ వాయువు నిండి ఉంటుంది. ఆ వాయువు మధ్యకు వచ్చిన అమ్మోనియా చల్లని చోటే మళ్లీ ఆవిరైపోతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని పాలగిన్నె దగ్గర, పెరుగు దగ్గర లాక్కుంటుంది. ఆ తర్వాత నీళ్లు అమ్మోనియాను మళ్లీ పీల్చుకుని మంట దగ్గరికి తెస్తాయి. మోటారు లేదు, పంపు లేదు. అంతా వాలు మీద నడిచే పని. బండి వంకరగా నిలబడితే వాలు తప్పి ద్రవం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, పెట్టె చల్లబడదు. 1922లో దీన్ని కనిపెట్టింది స్వీడన్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులు, బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్.

"మన ఊళ్లో మట్టికుండ చేసేదీ ఇదే పని" అని మా ఆమె అందుకుంది. సరిగ్గా అదే. కుండ చెమరుస్తుంది, ఆ చెమట ఆవిరవుతుంది, ఆవిరయ్యే నీరు కుండలో నీళ్ల వేడిని ఎత్తుకుపోతుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ చాలు. అదే గ్రాము ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీలు కావాలి. అంత వేడి పట్టుకుపోతుంది కాబట్టే కుండ నీళ్లు గుండెకు హాయి. గాలిలో తడి ఎంత తక్కువుంటే కుండ అంత బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం ఉక్కలో కుండ నీళ్లు ఒక మాదిరి చల్లగా ఉంటాయి, అనంతపురం ఎండలో జివ్వుమంటాయి. ఇక డెత్ వ్యాలీలో కుండ ఉంటే చెప్పనే అక్కర్లేదు. మాకు కుండ దొరకలేదు గానీ సీసాకు తడిగుడ్డ చుట్టి నీడన గాలికి పెట్టాం, అరగంటకు చన్నీళ్లు తయారు.

కానీ ఆ పొడిగాలే మనిషిని మోసం చేస్తుంది. ఒంటికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది. దాహం వేయకముందే ఒంట్లో నీళ్లు తగ్గుతాయి. అందుకే మనిషి రోజుకు కనీసం నాలుగు లీటర్లు తాగాలని పార్కు వాళ్లు చెబుతారు. మేం గంటకోసారి పిల్లలకు గుర్తు చేసి తాగించాం.

ఇక చెరువు సంగతి. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను ఆ వైపు వచ్చి, ఒక్క రోజులో 2.2 అంగుళాల వాన కురిపించింది. ఏడాది వానకంటే ఎక్కువ, ఒక్క రోజులో! రోడ్లు కొట్టుకుపోయి పార్కును రెండు నెలలు మూసేశారు. అప్పుడు నిలిచిన నీళ్లు చలికాలానికి తగ్గుతూ వచ్చాయి. ఫిబ్రవరి మొదట్లో మరో ఒకటిన్నర అంగుళం పడేసరికి మళ్లీ చెరువైంది. మేం చూసినప్పుడు లోతు ఒక అడుగు మాత్రమే.

రెండంగుళాల వానకే చెరువెలా అయిందంటే, ఆ కొండల మీద మన్ను లేదు, గడ్డి లేదు. నీళ్లను పీల్చుకునేది, ఆపేది ఏదీ లేదు. ఎంత దూరాన పడ్డ వానైనా వంకల్లోంచి రాళ్లను దొర్లించుకుంటూ దూసుకొస్తుంది. ప్రతి వంక నోటి దగ్గరా రాళ్లూ ఇసుకా విసనకర్ర విప్పినట్టు పరుచుకుని ఉంటాయి. లోయ పొడుగునా అట్లాంటి విసనకర్రలు వరసగా కనబడతాయి. ఒక్కొక్కటీ వేల వరదల లెక్క. ఏడాదికి నాలుగు రోజులు పారే వంక ఇంత పని చేస్తుందా అని నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

మా వైపు ప్రతి చెరువుకూ తూము ఉంటుంది, మరవ ఉంటుంది. నిండితే మరవ పారి కింది చెరువుకు పోతుంది. ఈ లోయకు తూమూ లేదు, మరవా లేదు. భూమి పైపొర ఇక్కడ తూర్పు పడమరలుగా సాగుతోంది. సాగినచోట పగిలి, నడిమి ముక్క కుంగి లోయ అయింది, పక్కలు లేచి కొండలయ్యాయి. ఆ కుంగడం ఇంకా ఆగలేదు. అమర్‌గోసా అనే ఏరు నెవాడా నుంచి వచ్చి ఇక్కడే అంతమవుతుంది. ఆ పేరుకు స్పానిష్‌లో చేదు అని అర్థం. లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి ఒక్కటే, ఆకాశం. ఈ లోయ అడుగున ఎండకూ గాలికీ ఏడాదికి 150 అంగుళాల నీళ్లు ఆవిరి కాగలవు. అంటే 12 అడుగుల లోతు చెరువును ఏడాదిలో తాగేయగల దాహం. మంచు యుగంలో ఇదే చోట దాదాపు 600 అడుగుల లోతు సరస్సు ఉండేది. దానికి మ్యాన్లీ సరస్సు అని పేరు పెట్టారు. మేం చూసిన అడుగు లోతు నీళ్లను కూడా జనం ఆ పేరుతోనే పిలిచారు.

నీరు పైకి పోతుంది, అందులో కరిగిన ఉప్పు పోలేదు. వేల ఏళ్ల ఉప్పు కింద మిగిలిపోయింది. అది ఎండేటప్పుడు గడులు గడులుగా పగిలి, అంచులు గట్లలాగా లేస్తాయి. చినగంజాం, నౌపడ ఉప్పుమళ్లు చూసినవాళ్లు ఇక్కడికి వస్తే, ఎవరో పెద్ద రైతు మడులు కట్టి వదిలేసి పోయాడనుకుంటారు. మనవడు వేలు అద్ది నాలుకకు రాసుకుని, "మన ఉప్పే" అన్నాడు. చాలా వంతు మన ఉప్పే, సోడియం క్లోరైడు.

ఆ ఉప్పుతో పాటు అక్కడ దొరికిన ఇంకో సరుకు వెలిగారం. మన కంసాలి కుంపటి పక్కన చిన్న గిన్నెలో తెల్లటి పొడి పెట్టుకుంటాడు, అతుకు వేసేముందు బంగారం మీద అద్దుతాడు. అది కరిగి, లోహం మీది మకిలి పొరను తనలో కలిపేసుకుంటుంది, అతుకు శుభ్రంగా పాకుతుంది. అదే వెలిగారం, సంస్కృతంలో టంకణం, ఇంగ్లీషులో బొరాక్స్. ఒకప్పుడు ఇది టిబెట్ ఉప్పు సరస్సుల దగ్గర గొర్రెల వీపున మూటలు కట్టి హిమాలయాలు దాటించే సరుకు. మా స్కూలు పరీక్షనాళికల్లో, మీ క్యారమ్ బోర్డు పొడిలో ఉండే బోరాన్ దీని తాలూకుదే.

డెత్ వ్యాలీలో 1881లో ఆరన్ వింటర్స్ అనే మనిషి దీన్ని గుర్తించిన తీరు నాకు చాలా ఇష్టం. తెల్లటి ముద్ద మీద సారాయీ ఆమ్లమూ పోసి నిప్పంటించాడు. మంట పచ్చగా వెలిగింది. బోరాన్ ఉందనడానికి అదే సాక్ష్యం. పదో తరగతి పిల్లలకు నేను చీకటి గదిలో ఎన్నోసార్లు చూపించిన పచ్చ మంట అది. ఆ పచ్చ మంట మీద ఆధారపడి 1883లో హార్మొనీ బొరాక్స్ వర్క్స్ లేచింది. రోజుకు డాలరు ముప్పై సెంట్లకు చైనా కూలీలు ఆ ఉప్పునేల మీద వంగి ఈ ముద్దలు గీరి పోగుచేశారు. పార్కులో ఇప్పటికీ ఆ కొప్పెరలు, బండ్లు ఉన్నాయి. ఆ బండ్లకు వెనక చక్రం ఎత్తే ఏడడుగులు. ఇరవై కంచరగాడిదల బండి అని వాటికి పేరు, నిజానికి పద్దెనిమిది కంచరగాడిదలు, రెండు గుర్రాలు. మొజావే రైలు స్టేషను దాకా 165 మైళ్లు, పోవడానికే పది రోజులు. సరుకు బండ్ల వెనక ఇంకో బండి ఎప్పుడూ ఉండేది, 1,200 గ్యాలన్ల నీళ్ల పీపాది. లెక్క చూస్తే నాలుగున్నర వేల లీటర్లు. మా ఆర్‌వీ ట్యాంకు వంటివి ముప్పై!

వేసవిలో ఈ కార్ఖానా నడిచేది కాదు. కూలీల కష్టం ఒకటైతే, రసాయనశాస్త్రం ఒప్పుకోలేదు. మరిగించిన ద్రావణం చల్లబడితేనే వెలిగారం స్ఫటికాలు కడుతుంది, కలకండ పాకం చల్లారితేనే దారానికి పలుకులు పట్టినట్టు. లోయ ఎండలో తొట్లు చల్లబడేవే కావు. వేసవికి పనిని కొంచెం ఎత్తున ఉన్న అమర్‌గోసా దగ్గరికి మార్చుకోవలసి వచ్చింది. 1888లో ఇక్కడి పని ఆగిపోయింది.

ఈ లోయకు డెత్ వ్యాలీ అని పేరు పెట్టింది బంగారం వెతుక్కుంటూ 1849లో దారి తప్పి వచ్చిన జనం. వాళ్లకంటే ఎంతో ముందునుంచీ టింబిషా షోషోనీ జాతివాళ్లు ఇక్కడే బతుకుతున్నారు. ఈ రోజుకూ ఫర్నేస్ క్రీక్ పక్కనే వాళ్ల ఊరుంది. 2000లో చట్టం చేసి కొంత భూమి వాళ్లకు తిరిగి ఇచ్చారు. ఊటలు ఎక్కడున్నాయో, ఏ నెలలో కొండ ఎక్కాలో తెలిసినవాళ్లకు ఇది మృత్యులోయ కాదు. వాళ్ల తిండిలో ముఖ్యమైంది మెస్కీట్ చెట్టు కాయ. క్యాంపు దగ్గర ఆ చెట్టు కింద నిలబడి ఆకు చూడగానే నేను పోల్చుకున్నాను. మన సర్కారు తుమ్మకు తోబుట్టువు, దసరాకు పూజ చేసే జమ్మికి దగ్గర చుట్టం. కాయలు దంచి పిండి చేసుకుని తింటారు. ఈ చెట్టు వేరు నీళ్ల కోసం ఎంత లోతుకైనా దిగుతుంది. అరిజోనాలో ఒక గని తవ్వుతుంటే 160 అడుగుల కింద కూడా మెస్కీట్ వేళ్లు కనబడ్డాయి.

రాత్రి సంకటి, ఊరిబిండి తిని పడుకున్నాం. నాకు నాలుగింటికే మెలకువ వస్తుంది. శాలువా కప్పుకుని బయటికి వచ్చాను. చంద్రుడు కుంకిపోయాడు. ఈ పార్కు ఆకాశం వెలుతురు కాలుష్యం లేని ఆకాశంగా 2013లో అంతర్జాతీయ గుర్తింపు పొందింది. ఆగ్నేయాన వృశ్చిక రాశి లేస్తోంది, జ్యేష్ఠ నక్షత్రం ఎర్రగా వెలుగుతోంది. నా చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని చూసిన చుక్కలన్నీ తిరిగి వచ్చినట్టనిపించింది. మనవరాలిని లేపి తెచ్చాను. "పొద్దున అంత ఎండగా ఉంది, ఇప్పుడింత చలేంది తాతా?" అంది. దానికీ జవాబు నీళ్లే. పగలు కాగిన నేల రాత్రికి ఆ వేడిని కంటికి కనబడని కిరణాలుగా ఆకాశంలోకి వదులుతుంది. గాలిలో నీటి ఆవిరి ఉంటే కంబళి కప్పినట్టు ఆ వేడిని పట్టి కొంత వెనక్కు పంపుతుంది. ఇక్కడ ఆ కంబళి చాలా పల్చన. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోయడం, మబ్బులేని మాఘమాసపు రాత్రి వణికించడం మనకూ తెలిసిందే.

రేస్‌ట్రాక్ అనే చోటికి మేం పోలేకపోయాం. అక్కడి రాళ్లదారి ఆర్‌వీకి పనికిరాదు. 3,700 అడుగుల ఎత్తున, బల్లపరుపుగా ఎండిన మడుగు అది. దాని మీద రాళ్లు ఉంటాయి, కొన్ని మనిషి కదిలించలేనంత పెద్దవి. ఒక్కో రాయి వెనకా బురదలో పొడవాటి గీత. ఎవరూ లాగినట్టు అడుగుజాడ ఉండదు. దయ్యాలని, అయస్కాంతమని, పెనుగాలులని రకరకాలుగా అన్నారు. రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే పరిశోధకులు, తోడుగా మరికొందరు, రాళ్లకు జీపీఎస్ అమర్చి కాచుక్కూర్చున్నారు. 2013 డిసెంబరులో కళ్లారా చూశారు. వాన నీళ్లు కొద్ది అంగుళాలు నిలిచాయి. రాత్రి చలికి పైన మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందాన మంచు రేకు కట్టింది. పొద్దెక్కాక రేకు పగిలి, పిల్లగాలికే కదిలి, తనతో పాటు రాళ్లను మెత్తటి బురద మీద నిమిషానికి రెండు నుంచి ఐదు మీటర్ల వంతున తోసుకుపోయింది. తర్వాత మంచు కరిగింది, నీరు ఆరింది, గీత మాత్రం మిగిలింది. 2014లో ఈ సంగతి అచ్చయింది.

మేం ఆర్‌వీలోనే ఆ తంతు చేసి చూశాం. పళ్లెంలో సన్నగా నీళ్లు పోసి, నాలుగు గులకరాళ్లు పెట్టి ఫ్రీజరులో ఉంచాం. పైన మంచు పొర కట్టాక తీసి, అంచులు కరిగేదాకా ఆగి, వేలితో మంచును నెట్టాం. నాలుగు రాళ్లూ ఒకే వైపు, ఒకే వేగంతో కదిలాయి. మీ ఇంట్లోనూ చేయవచ్చు, పళ్లేనికి అడుగున కొంచెం బంకమన్ను పూస్తే గీతలు కూడా పడతాయి.

వచ్చే దారిలో పిల్లలకు నేను చెప్పిన ఆఖరి కథ డెవిల్స్ హోల్ చేపలది. అది నెవాడా వైపు, ఈ పార్కుకే చెందిన చిన్న ముక్క. కొండలో ఒక నెర్ర, లోపల నీళ్లు. ఆ నీళ్లు ఏ కాలమైనా 33 డిగ్రీల పైన వెచ్చగా ఉంటాయి. లోతు 500 అడుగులకు పైనే, అడుగెక్కడో ఎవరూ చూడలేదు. ఆ నెర్రలో తప్ప భూమి మీద మరెక్కడా సహజంగా బతకని అంగుళం పొడవు నీలిచేప ఒకటి ఉంది. నీటి అంచున ఒక రాతి అరుగు ఉంటుంది. దాని మీది నాచే ఆ చేపకు మేత, ఆ అరుగే గుడ్లు పెట్టే చోటు. 1960ల చివర పక్కనే వ్యవసాయానికి బోర్లు వేసి నీళ్లు తోడడం మొదలుపెట్టారు. నెర్రలో నీరు దిగిపోయి అరుగు బయటపడసాగింది. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1976లో కోర్టు, ఆ అరుగు మునిగి ఉండేంత నీరు నిలవాల్సిందే, తోడడాన్ని తగ్గించాల్సిందే అని తీర్పు చెప్పింది. 2013లో లెక్కపెడితే ఆ చేపలు 35 మాత్రమే మిగిలి ఉన్నాయి. ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు మనుషులు నీళ్లలో మునిగి వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు.

ఆ కథ చెప్పేటప్పుడు నా గొంతు పూడుకుపోయింది. మా జిల్లాలో నా కళ్లముందే బావులు ఎండి బోర్లొచ్చాయి, రెండు వందల అడుగుల బోర్లు వెయ్యి అడుగులకు దిగాయి. భూమిలోని నీరు ఒక ఇంటిదో ఒక చేనుదో కాదని, ఒకచోట తోడితే ఇంకోచోట దిగుతుందని చెప్పిన ఆ తీర్పును తెలుగు పాఠ్యపుస్తకాల్లో పెట్టాలని నా కోరిక.

మేం ఇల్లు చేరిన కొన్నాళ్లకు, ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటి రోజుల్లో లోయలో పెద్ద గాలి వీచింది. ఆ గాలికి చెరువు చెరువంతా దాదాపు రెండు మైళ్లు ఉత్తరానికి జరిగిపోయిందట. మా మనవడు ఆ వార్త చూపించి, "రాళ్లే కాదు, నీళ్లు కూడా నడుస్తాయి" అన్నాడు.

ఆర్‌వీ తిరిగి అప్పజెప్పేటప్పుడు మంచినీళ్ల దీపం ఇంకా ఒకటి వెలుగుతూనే ఉంది. మనవరాలు తన నోటుపుస్తకాన్ని ఆపలేదు. ఇప్పుడు శాన్ హోసేలో ఇంటి పెరట్లో వాన లెక్క రాస్తోంది. నేను అనంతపురంలో మా మిద్దె మీద రాస్తున్నాను. నెలకోసారి ఫోనులో ఇద్దరం లెక్కలు సరిచూసుకుంటాం. మీరూ మొదలుపెట్టండి. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి చాలు. చెట్టు చాటు, గోడ చాటు లేనిచోట పెట్టి, వాన వెలిసిన వెంటనే స్కేలుతో లోతు కొలిచి, తారీఖు వేసి రాయండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద, మా అనంతపురం వానకే, ఏడాదికి 55 వేల లీటర్లు పడుతున్నాయి.